కడిగిన సీసా

డిగ్రీ పాసయ్యాను. ఫస్ట్ క్లాసు!

నారాయణగూడలో మా కాలేజీ నోటీసు బోర్డు దగ్గర తోపులాటలో చెప్పు తెగిపోతే, దాన్ని చేత్తో పట్టుకుని చిక్కడపల్లి దాకా నడిచొచ్చాను. దారిలో తెలిసిన ముఖం కనబడితే చాలు, ఆపి చెప్పాను. ఇస్త్రీ బండి అన్నకు చెప్పాను. హోటల్ ముందు చాయ్ తాగుతున్న మేస్త్రీకి చెప్పాను. మా అమ్మ ఆయన దగ్గరే ఇటుకలు మోస్తుంది.

"ఏం పాసు?" అన్నాడాయన.

"డిగ్రీ."

"అంటే సదువు ఒడిసినట్టేనా?"

"ఒడవలే. ఇప్పుడే షురూ అయింది."

నిజంగానే అయింది. ఆ పొద్దున్నే మా మేడం నన్ను పిలిచి, సోమవారం నుంచి ల్యాబ్‌కి వచ్చే కొత్త పిల్లలకు పని నేర్పమన్నారు. మా ఇంట్లో వేలిముద్ర కాకుండా సంతకం పెట్టిన మొదటి మనిషిని నేను. అలాంటి నేను ఇంకొకరికి నేర్పడం! రెండు వార్తలు గొంతులో ఆగక పరుగులాంటి నడకతో వచ్చినదాన్ని, మా గల్లీ మలుపు తిరగ్గానే నెమ్మదించాను.

ఏ వార్త తెచ్చినా నేను మొదట చెప్పేది మా ఇంట్లో కాదు, మా గోడకు ఆనుకుని ఉన్న ఇంటి గడపలో. ఆ ఇంటి అక్క ఇప్పుడు లేదు. అక్కడ వేరే కిరాయిదార్లున్నారు. వాళ్లకు నేనెవరో తెలియదు. నా చదువు సంగతి చెప్పాలంటే ఆ అక్క సంగతి చెప్పాలి. అది దాటేసి వట్టి ఫస్ట్ క్లాసు ఒక్కటే చెప్పుకుంటే నాకే నచ్చడం లేదు.

రెండో సంవత్సరంలో ఒకరోజు మేడం క్లాసులో అడిగారు, శనివారం మధ్యాహ్నాలు ఎవరెవరికి ఖాళీ అని. సినిమాకు తీసుకెళ్తారేమో అనుకుని సగం క్లాసు చేతులెత్తింది. "ల్యాబ్‌లో పని" అనగానే దిగిపోయాయి. నాలుగు మిగిలాయి. నిజం చెప్పాలంటే నాది దించడం ఆలస్యమైంది.

మేడంవాళ్లది కోస్తా నుంచి వచ్చి అశోక్‌నగర్‌లో స్థిరపడిన కుటుంబం. మాట మెత్తగా ఉంటుంది, పని దగ్గర మాత్రం జాలి ఉండదు. మొదటి శనివారం మమ్మల్ని నలుగుర్నీ బల్ల చుట్టూ నిలబెట్టి చెప్పారు.

"ప్రాక్టికల్స్‌లో మీరు చేసేవాటికి జవాబు ముందే ఉంటుంది. పై క్లాసు వాళ్ల రికార్డు చూసి రాసేస్తారు, నాకు తెలుసు. ఇది అలా కాదమ్మా. ఇళ్లకు వచ్చే నల్లా నీళ్లలో మురుగు ఎక్కడ కలుస్తోందో చూద్దాం. దీనికి జవాబు నాకూ తెలీదు."

మేడంకు తెలియనిది ఒకటుందా అని మేం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

మొదటి నెలంతా గాజు గొట్టాలు కడగడమే. సబ్బుతో, తర్వాత నల్లా నీటితో, ఆ తర్వాత డిస్టిల్డ్ వాటర్‌తో. మా అటెండర్ తాత గుమ్మంలో స్టూలు వేసుకుని నవ్వేవాడు. "డాక్టరమ్మలయితరనుకుంటె బాసండ్లు తోముతుండ్రేందమ్మా? గిదేదో ఇంట్లనే చేస్తె మీ అమ్మలు సంబరపడుదురు గద!"

మా ల్యాబ్‌లో పెద్ద యంత్రాలేమీ లేవు. మేడం ఇంటినుంచి తెచ్చిన ప్రెషర్ కుక్కర్‌లో సీసాలు పెట్టి, విజిల్ కింద అరగంట ఉడికించి క్రిములు లేకుండా చేసేవాళ్లం. ఒక చెక్కపెట్టెలో బల్బు వెలిగించి దాన్ని వెచ్చని గదిగా వాడుకునేవాళ్లం. అసలు పరీక్ష చూడ్డానికి చాలా అందంగా ఉండేది. ఊదారంగు రసం పోసిన గొట్టాల్లో, ఒక్కోదాంట్లో చిన్న గొట్టం బోర్లించి ఉంటుంది. అందులో నీటి చుక్కలు వేసి వెచ్చని పెట్టెలో రెండు రోజులు ఉంచాలి. నీళ్లు మంచివైతే ఊదారంగు ఊదారంగుగానే ఉంటుంది. మురుగు కలిసిందంటే రసం పసుపురంగుకు తిరుగుతుంది, బోర్లించిన గొట్టంలో గాలి బుడగ చేరుతుంది.

అన్నిటికంటే ముఖ్యం రిజిస్టరు. ఏ నీళ్లు, ఏ గల్లీవి, ఏ పూట పట్టారు, ఎవరు పట్టారు, అన్నీ అందులోనే. మేడం దానికొక నియమం పెట్టారు. పెన్సిల్ వాడకూడదు. తప్పు రాస్తే రుద్దకూడదు, కాగితం చించకూడదు. ఒక్క గీత కొట్టాలి. గీత కింద ఉన్నది చదవడానికి రావాలి. పక్కన సరైనది రాసి సంతకం పెట్టాలి.

ఇదంతా శనివారం సాయంత్రానికల్లా మా గల్లీకి చేరేది. నా నోట్లో ఏదీ నిలిచేది కాదు. అమ్మకు కుక్కర్ సంగతి చెబితే, "కాలేజీల కుక్కరు పెట్టి వట్టి సీసలు ఉడుకబెడుతుండ్రా? గ్యాసు ఎక్కువైందా మీకు?" అంది. పక్కింటి అక్క మాత్రం కింద కూర్చుని గడ్డం కింద చెయ్యి పెట్టుకుని వినేది.

అక్కదీ మా సొంత జిల్లానే. వాళ్లాయన తాపీ పని చేసేవాడు. రెండుసార్లు కడుపు పోయిన తర్వాత మూడోసారి నిలిచి అప్పటికి ఐదో నెల. ఆ కడుపు కోసం ఆమె చెయ్యని జాగ్రత్త లేదు. మా గల్లీ నల్లా రోజు విడిచి రోజు తెల్లవారుజామున వచ్చేది. మొదటి రెండు బిందెలు వాసన వచ్చేవి, పారబోసి తర్వాతవి పట్టుకునేవాళ్లం. అక్క అవి కూడా తాగేది కాదు. మా గల్లీ పక్కన మురుగు పారే మోరీ మీద వంతెన దాటి, అశోక్‌నగర్‌లో తాను ఒకప్పుడు అంట్లు తోమిన ఇంటికి పోయి, వాళ్ల బోరు నీళ్లు ఒక బిందె తెచ్చుకునేది. చంకన బిందె, ముందుకు పొట్ట, మధ్యమధ్యలో ఆగి గోడ పట్టుకునేది. నల్లా దగ్గర ఆడవాళ్లు ఆటపట్టించేవాళ్లు.

"రాణిగారొస్తుండ్రు, దారియ్యుండ్రే!"

"పుట్టేటోడు కలెక్టరు గద మరి, మన నీళ్లు సూడనే సూడడు."

"కలెక్టరో కాంపౌండరో, పుడితె సాలు," అనేది అక్క, నవ్వుతూనే.

నీళ్లు పట్టే వంతు వచ్చినప్పుడు మేడం మాకు ఒక్కొక్కరికి రెండు చోట్లు ఇచ్చారు. నాకు అశోక్‌నగర్‌లో ఒక ఇంటి నల్లా, మా గల్లీ నల్లా. ఎలా పట్టాలో ముప్పావుగంట చెప్పారు. సీసా మీద కాగితం చుట్టు ఆఖరి నిమిషం దాకా విప్పకూడదు. నల్లా మూతిని మంటతో కాల్చాలి. కాసేపు నీళ్లు వదలాలి. సీసా అడుగున తెల్లటి పొడి ఉంటుంది, నీళ్లలో కలిపిన బ్లీచింగ్ మందును అది విరుస్తుంది, దాన్ని ముట్టుకోకూడదు.

తీరా ఆ రోజు చూస్తే రెండు చోట్లా నీళ్లు ఒకే వేళకు వస్తాయి. నేను అశోక్‌నగర్ వెళ్లాలి. మేడంకు ముందురోజే చెప్పి ఉంటే ఆ పని ఇంకొకరికి ఇచ్చేవారు. నా గల్లీ నీళ్లు ఇంకొకరు పట్టడం నాకిష్టం లేదు. సీసా అమ్మ చేతిలో పెట్టి, "నల్లా కాసేపు వదిలి పట్టమ్మా, నిండా పట్టకు," అని ఉరికాను. మేడం ముప్పావుగంట చెప్పినదాన్ని నేను ఒక్క ముక్కలో తేల్చేశాను.

తిరిగొచ్చేసరికి సీసా సిద్ధంగా ఉంది. కొత్త కాగితం చుట్టి, దారంతో ముడి కూడా వేసింది అమ్మ. ఎంత ముచ్చటగా కట్టిందో అనుకున్నాను. ఐస్ పెట్టిన డబ్బాలో రెండు సీసాలూ పెట్టుకుని కాలేజీకి పోయాను.

"రెండూ నువ్వే పట్టావా?" అడిగారు మేడం.

"నేనే మేడం."

రిజిస్టరులో రెండు వరుసల్లోనూ నా పేరే రాశాను. పెన్నుతో.

రెండు రోజుల తర్వాత పెట్టె తెరిచాం. అశోక్‌నగర్ నీళ్ల గొట్టాల్లో రెండు పసుపుకు తిరిగాయి. మా గల్లీ గొట్టాలు అన్నీ ఊదారంగే. ఒక్క బుడగ లేదు. మేడం వాటిని కిటికీ వెలుతురుకు పెట్టి, తిప్పి తిప్పి చూశారు.

"ఆశ్చర్యంగా ఉంది. మళ్లీ పడదాం. అప్పటిదాకా ఇది ఫలితం కాదు, ఎవరికీ చెప్పకండి."

మళ్లీ పట్టేలోపల పరీక్షలొచ్చాయి, ఆ వెంటనే దసరా సెలవులొచ్చాయి. నేనేమో ఆ సాయంత్రం దాకా కూడా ఆగలేదు. మా గల్లీ నీళ్లు అశోక్‌నగర్ నీళ్లకంటే మంచివట! ఇంతకంటే పెద్ద వార్త మా మోరీ గట్టుకు ఎప్పుడొచ్చింది? నల్లా గద్దె ఎక్కి నిలబడి చెప్పాను.

"ఇగ అశోక్‌నగరోళ్లే బిందెలు పట్టుకొని మన గల్లీకొస్తరు సూడు," అందొకామె.

"రానీ. లైన్ల నిలబెడ్దాం వాళ్లను గూడ."

అందరూ విరగబడి నవ్వారు. అక్క నవ్వలేదు. నా దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది. "నిజంగనా పిల్లా? కచ్చితంగ చూసిండ్రా?"

"నా కండ్లతోని చూసిన అక్కా. జర గూడ పసుపు లేదు."

"ఒట్టు?"

"ఒట్టు."

మళ్లీ నల్లా వచ్చిన రోజు అక్క బిందె మా బిందెల వరుసలో ఉంది. ఆమె ఇంక వంతెన దాటలేదు. ఆమెకు ఆ నడక తప్పించానని నాకు ఎంత గర్వంగా ఉండేదో ఇప్పుడు రాయడానికి చెయ్యి రావడం లేదు.

నెల దాటింది, ఇంకో పదిహేను రోజులు గడిచాయి. గల్లీలో ఇద్దరు ముగ్గురికి కామెర్లొచ్చాయి. ఒకరోజు సాయంత్రం అక్క గడపలో కూర్చుని తల వాల్చేసి ఉంది. పలకరిస్తే కళ్లెత్తింది. తెల్లగుడ్లు పచ్చగా ఉన్నాయి. అంత పసుపు నేను గాజు గొట్టంలోనే చూశాను.

ఇంటికి వచ్చి అమ్మతో అన్నాను. "బయట ఏందో తిన్నట్టుంది అక్క. మన నీళ్లయితే కాదు. నీళ్లు చూసినం గద."

అమ్మ అన్నం తింటోంది. చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"బిడ్డా, ఆ సీస నేను కడిగిన."

"కడిగినవా?"

"అడుగున తెల్లగ ఏందో ఉండె. దుబ్బ అనుకున్న. సబ్బు పెట్టి రెండుసార్లు కడిగిన. ఆ పొద్దు నల్లా నీళ్లు వాసన కొడుతుండె. గవ్వే పోసి పంపితె మీ మేడం ఏమనుకుంటది? ఈ పిల్ల ఇంట్ల ఇసొంటి నీళ్లు తాగుతరా అనదా? నీ ఇజ్జత్ పోతదని కాచిన. గుడ్డల వడగట్టి, సల్లారినంక పోసిన."

మా ఇంట్లో ఎన్నడూ నీళ్లు కాచుకుని తాగింది లేదు. రేషన్ కిరసనాయిలు వంటకే చాలదు. ఆ పూట మాత్రం మేడం ముందు నా పరువు కోసం స్టవ్ వెలిగించింది. మేం ఊదారంగు గొట్టాల్లో రెండు రోజులు కాపాడి చూసింది మా గల్లీ నీళ్లను కాదు, మా అమ్మ మర్యాదను.

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

"నువ్వు గంత సంబరంగ చెప్పుతుంటివి. మన నీళ్లు మంచియని అందరు నవ్వుతుండ్రు. నేనేం చెప్పాలె? నిజంగనే మంచియేమో అనుకున్న."

వెంటనే లేచి పక్కింటికి పోయాను. అక్కకు పసరు పట్టించారు, పడుకుని ఉంది. వాళ్లాయనతో ఆ నీళ్లు ఆపమని, కాచి పోయమని చెప్పాను. ఎందుకో మాత్రం ఆ పూట చెప్పలేకపోయాను.

పొద్దున్నే మేడం ఇంటికే వెళ్లాను. గుమ్మంలో నిలబడి అంతా చెప్పేశాను. సీసా నేను పట్టలేదని, అబద్ధం రాశానని, మీరు వద్దన్నా గల్లీ అంతా చాటానని చెప్పాను. ల్యాబ్ నుంచి తీసేస్తారని సిద్ధపడే వెళ్లాను. ఆమె ఒక్కటే అడిగారు.

"ఆవిడ్ని ఆస్పత్రికి తీసుకెళ్లారా?"

"పసరు తాగుతుంది మేడం. మూడు రోజులు పథ్యం అంట."

"కడుపుతో ఉన్నావిడకి కామెర్లంటే పసరుతో కూర్చునేది కాదమ్మా. నడు, ముందు అది. రిజిస్టరు తర్వాత."

చెప్పులు వేసుకుని నాతోపాటే వచ్చారు. మా గల్లీలోకి ఆమె రావడం అదే మొదలు. మోరీ వాసనకు ముక్కు మూసుకోలేదు. అక్క మనిషిని గుర్తుపడుతోంది కానీ మాట ముద్దగా ఉంది. ఆటోలో ఎక్కించి ఆస్పత్రిలో చేర్చాం.

మరునాడు కాచిగూడలో రైలు దిగి అక్కవాళ్లమ్మ వచ్చింది. వార్డులో అక్క కాస్త తెలివిగా ఉన్న వేళ చూసి, మంచం పక్కన కూర్చుని చెప్పాను. ఆ సీసాలో ఉన్నవి కాచిన నీళ్లని, నేను ఒట్టు పెట్టింది తప్పని.

అక్క పైకప్పు వైపు చూస్తూ అంది.

"నువ్వు చెప్పకున్నా నేను బందు చేద్దుననే పిల్లా. కడుపు బరువైంది. నడువ చాతనయితలేకుండె."

అది నిజమో, నా కోసం అన్న మాటో నాకు తెలియదు. ఏ గొట్టంలో పోసినా తెలియదు. నాలుగో రోజు అక్క పోయింది. బిడ్డ కడుపులోనే పోయింది.

అంతకు రెండు రోజుల ముందే మళ్లీ నీళ్లు పట్టాం. ఈసారి మేడం పక్కన నిలబడ్డారు. నల్లా మూతిని నేనే కాల్చాను, సీసా నేనే తెరిచాను. అక్క పోయిన రోజు మధ్యాహ్నం పెట్టె తెరిస్తే ఒక్క గొట్టం కూడా ఊదారంగుగా లేదు. అన్నిటిలో బుడగలు.

నేను ఏడుస్తుంటే మేడం ఊరడించలేదు. "ఒక మాట విను. ఈ పసుపు మురుగు కలిసిందని చెప్తుంది. ఆవిడకి జబ్బు దీన్నుంచే వచ్చిందని చెప్పదు. ఆవిడ అంతకుముందు తాగిన బోరు నీళ్లు మనం పరీక్షించలేదు. నువ్వే చంపావని నువ్వు తీర్మానించుకున్నా అదీ రుజువు లేని మాటే. తెలిసినంత వరకే రాయి."

రిజిస్టరు తెరిచారు. నా పేరు మీద ఒక్క గీత కొట్టాను. కింద అక్షరాలు చదవడానికి వస్తున్నాయి. పక్కన రాశాను: నీళ్లు పోసింది మా అమ్మ. సీసా సబ్బుతో కడిగినది. కాచి వడగట్టిన నీళ్లు. నేను అక్కడ లేను. సంతకం పెట్టాను.

కొత్త ఫలితం రాసిన పేజీకి నకలు తీసి, మేడం సంతకంతో నీళ్ల ఆఫీసుకు ఇచ్చాం. చాలాసార్లు తిరిగాక వాళ్లొచ్చి గల్లీ తవ్వారు. మా పైపు కొంత మేర మోరీ లోపలినుంచే పోతోంది. పగిలిన చోట ఎవరో ఎప్పుడో సైకిల్ ట్యూబు చుట్టి ఉంచారు, అది కుళ్లిపోయింది. అక్కవాళ్లాయన ఆ గుంత దగ్గరికొచ్చి చూశాడు. ఆయనకు అప్పటికే అంతా చెప్పాను. నా వైపు తిరిగి, "గిది ముందుగాలనే తవ్విస్తె అయిపోతుండె గద చెల్లె," అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. తర్వాత గది ఖాళీ చేసి వేరే పని చోటికి పోయాడు. ఎక్కడున్నాడో తెలిస్తే ఈ రోజు వార్త ఆయనకు చెబుదునో, చెప్పకుందునో.

మేడం నన్ను తీసెయ్యలేదు. కానీ మళ్లీ రెండు నెలలు నాతో గొట్టాలే కడిగించారు. ఆ తర్వాత నేను పట్టిన ప్రతి సీసా గురించీ, "నువ్వేనా?" అని అడుగుతూనే ఉన్నారు, ఫైనలియర్ ఆఖరి శనివారం దాకా.

ఇవాళ ఇల్లు చేరేసరికి అమ్మ పనినుంచి వచ్చి, స్టవ్ వెలిగించి, కాళ్లు కడుక్కుంటోంది. ఫస్ట్ క్లాసు అనగానే తడికాళ్లతో వచ్చి నా ముఖం రెండు చేతుల్లో పట్టుకుంది. సిమెంటు గరుకు చేతులు. పక్క గోడవైపు ఒకసారి చూసి కళ్లు తుడుచుకుంది. స్టవ్ మీద నీళ్లు మరుగుతున్నాయి. దాదాపు రెండేళ్లుగా మా ఇంట్లో కాచని నీళ్లు ఎవరూ తాగలేదు.

సోమవారం నుంచి కొత్త పిల్లలకు నేర్పాలని చెప్పాను.

"ఏం నేర్పుతవు?"

"నీళ్లు పట్టుడు, రిజిస్టర్ల రాసుడు."

"సీస సంగతి రాసిన ఆ పేజీ సూపిస్తవా?"

"సూపియ్యాలె అమ్మా."

తలొంచుకుని చీర కొంగుతో చేతులు తుడుచుకుంటూ ఉండిపోయింది. చేతులు ఎప్పుడో ఆరిపోయాయి.

"సూపియ్యి," అంది చివరికి. "కని సీస ఎందుకు కడుగొద్దో ముందుగాల చెప్పు. సదువు రానోళ్లకు గూడ సమజయ్యేటట్టు చెప్పు. నాకెవ్వరు చెప్పలే."